మా ఇంటి సంగతి చెప్పొద్దన్నాను

మా ఆయన హైదరాబాద్‌లో చిక్కుకుపోయాడన్న సంగతి నాకు నేపర్‌విల్ స్టేషన్‌లో తెలిసింది. షికాగో వెళ్లే రైలు కోసం ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఉన్నాను. చలికి గ్లవ్స్ తీయబుద్ధి కాక మొదటిసారి ఫోన్ ఎత్తలేదు. మళ్లీ మోగితే ఎత్తాను.

"అపాయింట్‌మెంట్ మార్చేశారు," అన్నాడు.

"ఏ వారానికి?"

"వారం కాదు. ఎండాకాలానికి."

రైలు వచ్చింది. ఎక్కాలో వద్దో తోచలేదు. అందరూ ఎక్కుతుంటే నేనూ ఎక్కాను. ఆ రోజు ఆఫీస్‌లో పది గంటలకి ఒక మీటింగ్ ఉంది, అందులో నేను పావుగంట మాట్లాడాను కూడా. ఏం మాట్లాడానో ఒక్క ముక్క గుర్తులేదు.

తను వెళ్లింది మా అత్తయ్య సంవత్సరీకానికి. రెండు వారాల సెలవు. పాస్‌పోర్ట్‌లో వీసా గడువు దాటిపోయింది కాబట్టి తిరిగి రావాలంటే అక్కడ కాన్సులేట్‌లో కొత్త వీసా వేయించుకోవాలి. అది మాకు కొత్తేం కాదు. ఈ దేశంలో పదిహేడేళ్లుగా ఉంటున్నాం, ప్రతిసారీ వేయించుకునే వచ్చాం. ఈసారి అధ్యక్షుడి కొత్త ఆదేశాలొచ్చాయి. ఫేస్‌బుక్ దగ్గర్నుంచి అన్నీ తెరిచి చూసి గానీ వీసా ఇవ్వొద్దన్నారు. దాంతో ఇచ్చిన తేదీలన్నీ వెనక్కి జరిగాయి. నేను వెళ్దామంటే నా పాస్‌పోర్ట్‌లో వీసా కూడా గడువు దాటిందే. ఉండే అనుమతి వేరే కాగితం కాబట్టి ఇక్కడున్నంతకాలం పని చేసుకోవచ్చు, గడప దాటితే మాత్రం నేనూ తన పక్కనే కూర్చుని ఎదురుచూడాలి. ఇక్కడ మా అమ్మాయి పదో తరగతి. ఇక్కడే పుట్టింది. మా ఇంట్లో ఎటైనా వెళ్లి రాగలిగిన మనిషి అదొక్కతే.

వారం తర్వాత మా మావయ్యగారు వచ్చారు. మా ఆయన తనతో పాటే తీసుకొద్దామని ముందే ఆయనకి టికెట్ కొని ఉంచాడు. కొడుకు సీటు ఖాళీగా పోయింది, తండ్రి ఒక్కరే వచ్చారు. ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చైర్ తోసుకొచ్చినతను వెళ్లిపోయాక, ఆయన లేచి కోటు సర్దుకుని, ఏదో తప్పు చేసినట్టు నా వైపు చూశారు.

"నన్ను రెండు ప్రశ్నలడిగి పంపించేశారమ్మా. పదేళ్ల వీసా కదా నాది," అన్నారు.

కార్లో ఆ పాస్‌పోర్ట్ ఒళ్లో పట్టుకునే కూర్చున్నారు.

మావయ్య కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు జడ్జిగారి కింద కుర్చీలో కూర్చుని వాదనలు విన్నారు, ఒక్క వాదనలోనూ నోరు విప్పే అవకాశం లేదు. ఆ కరువంతా ఇక్కడ తీర్చుకున్నారు. పొద్దున్నే టీవీలో రెండు చానెళ్లు మార్చి మార్చి చూసేవారు, ఒకటి అధ్యక్షుణ్ణి ఆకాశానికెత్తేది, ఒకటి దుమ్మెత్తి పోసేది. పదిన్నరకి మా వీధిలో ఉండే ఇంకో పెద్దాయన కార్లో అరోరాలోని మాల్‌కి వెళ్లేవారు. చలికాలంలో మన పెద్దవాళ్లంతా అక్కడే నడుస్తారు. నాలుగు రౌండ్లు నడిచి, ఫుడ్ కోర్ట్‌లో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్క్‌లో టీ పోసుకుని చర్చ మొదలుపెట్టేవారు. సుంకాలు, యుద్ధాలు, మనదేశం ఎవరి దగ్గర చమురు కొనాలి, సరిహద్దు గోడ, వీసాలు. ఎవరికీ ఇక్కడ ఓటు లేదు. అయినా ఒక్కోరోజు గొంతులు పెరిగి సెక్యూరిటీ గార్డు దగ్గరికొచ్చి నిలబడేవాడట.

మావయ్య అధ్యక్షుడి పక్షం. "చెప్పాడు, చేస్తున్నాడు. మనవాళ్లలా గెలిచాక మాట మార్చలేదు," అనేవారు.

ఒకరోజు మాల్ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చున్నారు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ అన్నాడట, "గట్ల ఎట్ల అంటవు సారూ, నీ కొడుకే ఆడ ఇరుక్కపాయె గద" అని.

"మీరేమన్నారు?"

"ఏమంటాను. టీ తాగాను," అన్నారు.

నాకు మాత్రం ఎక్కడా చర్చలు లేవు. ఆఫీస్‌లో నా ఎదురు సీట్లో ఇద్దరు రోజూ లంచ్‌లో అధ్యక్షుడి గురించే వాదించుకునేవారు. ఇద్దరూ మంచివాళ్లే. మా ఆయన సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకసారి ఒకతను, "నీ అభిప్రాయమేంటి?" అని మర్యాదగానే అడిగాడు. నేను పాలిటిక్స్ ఫాలో అవ్వనని చెప్పాను. రోజుకి మూడుసార్లు వీసా వార్తలు వెతుక్కునే మనిషిని. అతను తలూపి మళ్లీ తన వాదనలోకి వెళ్లిపోయాడు. నా అన్నం డబ్బా మూత పెట్టేసుకున్నాను.

ఆ రోజుల్లోనే మా ఆయన ఫోన్ చేసి, "నీ పేజీ కూడా చూస్తారేమో. పాతవి ఒకసారి చెక్ చెయ్యి," అన్నాడు. వెతికితే ఎప్పుడో ఏడెనిమిదేళ్ల కిందట పెట్టిన ఫొటో ఒకటి దొరికింది. డౌన్‌టౌన్‌లో ఎవరో ప్లకార్డులు పట్టుకుని నిలబడితే, ఆఫీస్ కిటికీ నుంచి తీసింది. కింద "ఇంత చలిలో ఇంతమంది" అని రాశాను, అంతే. తీసేశాను. తీసేశాక ప్రాణం తేలికపడింది. అలా తేలికపడినందుకు ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

మా అమ్మాయి స్కూల్ డిబేట్ టీమ్‌లో ఉంది. పోటీలు శనివారాల్లో జరుగుతాయి. పిల్లల్ని పంపే ప్రతి ఇంటి నుంచీ ఒకరు జడ్జిగా రావాలని రూలు. వేరే స్కూల్ పిల్లల వాదన విని, ఎవరు గెలిచారో, ఎందుకు గెలిచారో రాసివ్వాలి. అంతకుముందు ఆ పని మా ఆయనది. ఇష్టంగా వెళ్లేవాడు. ఇప్పుడు నేను వెళ్లకపోతే అమ్మాయికి పోటీలో చోటుండదు.

"అమ్మా, నువ్వు జస్ట్ వినాలి. ఎవరు బెటర్‌గా ఆర్గ్యూ చేస్తే వాళ్లని పిక్ చెయ్యాలి. నీ ఒపీనియన్ ఏం అక్కర్లేదు," అంది.

"టాపిక్ ఏంటి?"

ఫోన్ బోర్లించి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. విదేశీ ఉద్యోగుల వీసాల మీద అధ్యక్షుడు తీసుకున్న నిర్ణయాలు దేశానికి మేలు చేస్తాయా, చెయ్యవా.

ఆ పోటీల్లో ఏ పక్షం వాదించాలో పిల్లల చేతిలో ఉండదు. నాణెం ఎగరేస్తారు. పడినదాన్ని బట్టి అవునంటే అవును, కాదంటే కాదు. అందుకని రెండూ సిద్ధం చేసుకోవాలి. మా అమ్మాయి హాల్లో మావయ్యని సోఫాలో కూర్చోబెట్టి వాచీ పట్టుకోమని ప్రాక్టీస్ చేసేది. ఒక సాయంత్రం నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. దాని గొంతు స్పష్టంగా వినపడుతోంది. ఈ ఉద్యోగాలకి స్థానికులు దొరుకుతారు, వచ్చినవాళ్లు తాత్కాలికమని ఒప్పుకునే వచ్చారు, దేశాధ్యక్షుడికి తలుపు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో నిర్ణయించే హక్కుంది. ఎక్కడా తడబడలేదు. మావయ్య ఉండబట్టలేక చప్పట్లు కొట్టారు.

నేను చాకు పెట్టేసి హాల్లోకి వచ్చాను. నా మొహంలో ఏం కనిపించిందో, "అమ్మా, ఇది నేను కాదు. ఇది ప్రో సైడ్," అంది.

"తెలుసు," అన్నాను.

ఆ శనివారం మమ్మల్ని గంట దూరంలో ఉన్న ఒక స్కూల్‌కి పిలిచారు. నాకిచ్చిన గది బయాలజీ క్లాస్‌రూమ్. మూల గాజు డబ్బాలో ఒక తాబేలు. నిర్ణయాన్ని సమర్థించే జట్టులో ఇద్దరు అబ్బాయిలు, వ్యతిరేకించే జట్టులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అందరూ పదిహేను, పదహారేళ్ల వాళ్లు. పెద్దవాళ్ల కోట్లు వేసుకొచ్చారు. నాకు వంగి నమస్కారం పెట్టినంత పని చేసి మొదలుపెట్టారు.

వ్యతిరేకించేవాళ్లు కంపెనీల గురించి, పరిశోధనల గురించి చదివారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివారు. ప్రశ్నల సమయం వచ్చినప్పుడు అవతలి అబ్బాయి లేచి శాంతంగా అడిగాడు, "తాత్కాలికమని తెలిసే వచ్చారు కదా. తేదీ వెనక్కి జరిగితే నష్టమేంటి? కొన్నాళ్లు ఆగి వస్తారు. అంతే కదా?"

ఆ అమ్మాయి కాగితాలు తిరగేసింది. ఒక పేజీ చూసింది, ఇంకో పేజీ చూసింది. నాకు జవాబు తెలుసు. జడ్జి మాట్లాడకూడదు. ఆ పిల్ల ఒకసారి తలెత్తి నా వైపు చూసింది, సాయం చేస్తానేమో అన్నట్టు. నేను లాప్‌టాప్ వైపు చూశాను.

అబ్బాయిలే గెలిచారు. అందులో అనుమానం లేదు. వాళ్లు బాగా వాదించారు, వీళ్లు వాదించలేకపోయారు. జడ్జి లాప్‌టాప్‌లో నింపి పంపాల్సిన బ్యాలట్‌లో పైన నా పేరు, కింద విజేత పేరు, దాని కింద కారణం రాయాలి. అధ్యక్షుడి నిర్ణయం మేలన్న వాదనకి గెలుపిస్తున్నానని రాశాను. రాసి, ఓడిన జట్టుకి సలహా రాసే చోట ఆగాను. అక్కడ ఒక పేరా రాశాను. "ఆగి వస్తారు" అన్నదానికి మీరు జవాబు చెప్పలేదు. ఆగినన్నాళ్లూ ఆ ఉద్యోగం ఆగదు, ఇంటి కిస్తీ ఆగదు, పిల్లల చదువు ఆగదు. తండ్రి లేని ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయో ఎవరినైనా అడిగి తెలుసుకోండి. అలా రాశాను.

ఆ పేరా మీద నా పేరుంది. దాన్ని కోచ్‌లు చూస్తారు, పిల్లలు చూస్తారు, వాళ్ల అమ్మానాన్నలు చూస్తారు. ఎవరు ఎవరికి పంపుతారో తెలీదు. తలుపు దగ్గరికి ఒక వాలంటీర్ వచ్చి, మీ బ్యాలట్ ఒక్కటే రాలేదు, తరవాతి రౌండ్ ఆగిపోయింది అంది. పేరా మొత్తం చెరిపేశాను. "ప్రశ్నలకి ఇంకా బాగా సిద్ధపడండి" అని రాసి పంపేశాను.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అమ్మాయికి ఇదంతా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"డిలీట్ చేశావా?" అంది.

"ఆఁ."

కోటు విప్పి వెనక సీట్లోకి విసిరేసింది. ఆ రోజు అది మూడు రౌండ్లు ఆడిందట. మూడింట్లోనూ నాణెం అధ్యక్షుడి పక్షానే పడిందట. మూడూ గెలిచిందట. ఆ సంగతి ఇంటికొచ్చాక మావయ్యకి చెబుతుంటే విన్నాను.

రెండు వారాల తర్వాత పెద్ద పోటీ వచ్చింది. దానికి ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. వ్యతిరేక పక్షం పడితే చదవడానికి రాసుకుంది. ఇంగ్లిష్‌లో చదివింది. తన తండ్రి ఒక కర్మ చేయడానికి రెండు వారాలు వెళ్లాడని, సూట్‌కేసులో సగం బట్టలే తీసుకెళ్లాడని, ఇప్పుడు రోజూ పొద్దున తను స్కూల్‌కి తయారవుతుంటే అక్కడి నుంచి వీడియోలో లెక్కలు చెబుతాడని రాసింది. చివరి వాక్యం, "ఆగి వస్తారు అంటారు, ఆగడమంటే ఏంటో నేను చూస్తున్నాను" అని.

మావయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఇది వద్దు," అన్నాను.

"ఎందుకు? ఇట్స్ ట్రూ."

"నాన్న ఫైల్ అక్కడుంది. ఇంటర్వ్యూ ఇంకా అవలేదు. నువ్విక్కడ నిలబడి..."

"అమ్మా, అది క్లాస్‌రూమ్. ఆరుగురు ఉంటారు."

"ఆరుగురికీ ఫోన్లుంటాయి."

"ఐయామ్ ఎ సిటిజన్. నేను మాట్లాడొచ్చు."

"నువ్వు మాట్లాడొచ్చు. దాని బరువు పడేది మా మీద," అన్నాను.

మావయ్య నెమ్మదిగా అన్నారు, "చెప్పనియ్యమ్మా. ముప్పై ఏళ్లు చూశాను. సాక్షి బోనెక్కకపోతే ఎంత నిజమైన కేసైనా నిలబడదు."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. "మీరు రేపు మాల్‌కి వెళ్లి ఎవరి మీదైనా ఏమైనా అనొచ్చు మావయ్యా. పదేళ్ల వీసా ఉంది మీకు. ఆ అధ్యక్షుణ్ణి మోసేదీ మీరే, ఇప్పుడు దీన్ని ఎగదోసేదీ మీరే."

పెళ్లయి పద్దెనిమిదేళ్లలో ఆయనతో అలా మాట్లాడలేదు. ఆయన లేచి, కంచం తనే కడిగి, బోర్లించి, గదిలోకి వెళ్లారు. అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఆ వారమంతా నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున నేను రైలుకి బయల్దేరుతుంటే మావయ్య తలుపు దాకా వచ్చారు. "అధ్యక్షుడు చేసింది ఈ దేశానికి మంచో చెడో నాకింకా తెలీదమ్మా. ఉండొచ్చు మంచి," అన్నారు. తలుపు గడియ పట్టుకుని, "సంవత్సరీకం ఆన్‌లైన్‌లో చేయిస్తానన్నారు పంతులుగారు. వాడు సరేనన్నాడు. నేనే ఒప్పుకోలేదు. కన్నకొడుకువి, వచ్చి చెయ్యాల్సిందేనన్నాను," అన్నారు. నాకా సంగతి తెలీదు. మా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. రైలు టైమైపోతోంది. ఆయన చెయ్యి పట్టుకుని వదిలేసి వెళ్లిపోయాను. ఆ రోజు నుంచి ఆయన టీవీ పెట్టడం తగ్గించారు. మాల్‌కి వెళ్లడం మాత్రం మానలేదు.

పెద్ద పోటీ రోజు జడ్జీలకి స్కూల్ లైబ్రరీలో కూర్చునే చోటిచ్చారు. కాఫీ, బేగెల్స్ అనే గుండ్రటి రొట్టెలు పెట్టారు. నేను రెండు రౌండ్లు తీర్పిచ్చి వచ్చి కూర్చున్నాను. పక్క బల్ల దగ్గర ఒక తెల్లావిడ ఉంది, నా వయసే ఉంటుంది, నర్సుగా పనిచేస్తుందట. కాఫీ కలుపుకుంటూ తనే మాట కలిపింది. ఇంతసేపూ అంకెలే విన్నానని, ఇప్పుడే అయిన రౌండ్‌లో మాత్రం ఒక అమ్మాయి ఒక ఇంటి గురించి చెప్పిందని అంది. వాళ్ల నాన్న రెండు వారాలకని వెళ్లి ఇరుక్కుపోయాడట, వీడియోలో లెక్కలు చెబుతాడట.

"నేను అధ్యక్షుడికే ఓటేశాను. మళ్లీ వేస్తానేమో కూడా. కానీ ఈ సంగతి నాకు తెలీదు," అంది. కళ్లు తుడుచుకుని, కొంచెం మొహమాటంగా నవ్వి, "ఆ పిల్ల మీ వాళ్లలాగే ఉంది. మీకు తెలుసా?" అని అడిగింది.

నా మెళ్లో జడ్జి బ్యాడ్జ్ ఉంది. దాని మీద మా ఇంటిపేరుంది. చేత్తో దాన్ని తిప్పేశాను.

"తెలీదు," అన్నాను.

ఆవిడ తలూపి, "ఆ అమ్మాయి వాళ్లమ్మ ఎంత గర్వపడుతుందో," అంది. నేను బాత్రూమ్‌కని లేచి, కారిడార్‌లో లాకర్ల పక్కన చాలాసేపు నిలబడ్డాను.

అమ్మాయి ఆ రౌండ్ గెలిచింది, తరవాతది ఓడిపోయింది. కార్లో అది ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత వారాల తరబడి ఏ ఈమెయిల్ వచ్చినా పంపిందెవరో రెండుసార్లు చూసి గానీ తెరిచేదాన్ని కాదు. ఏమీ అవలేదు. ఎవరూ ఏమీ పంపలేదు. నేను భయపడ్డది ఏదీ జరగలేదు. అయినా అప్పుడు భయపడ్డం తప్పని ఇప్పటికీ అనలేను.

ఎండాకాలంలో ఇంటర్వ్యూ అయింది. మూడు నిమిషాలట. ఏ పోస్టు గురించీ అడగలేదట. ఈలోగా మా ఆయన టీమ్‌లో తన పని వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఉద్యోగం ఉంది గానీ కింది స్థాయిలో. దిగిన రోజు ఎయిర్‌పోర్ట్‌లో అమ్మాయి పరిగెత్తలేదు. నడుచుకుంటూ వెళ్లి వాళ్ల నాన్న భుజం మీద తల పెట్టి నిలబడింది. మావయ్య ఇద్దరి వెనకా నిలబడి సూట్‌కేసు బండి పట్టుకున్నారు.

రెండు వారాల తర్వాత అరోరాలో తెలిసినవాళ్ల ఇంట్లో భోజనాలకి పిలిచారు. పాతిక మంది దాకా ఉన్నారు. మాట ఎలాగూ అధ్యక్షుడి దగ్గరికే వెళ్లింది. సుంకాల మీద ఒకరు, యుద్ధం మీద ఒకరు, వీసాల మీద ఇద్దరు. చివరికి ఒకాయన మా ఆయన వైపు తిరిగి, "నువ్వు చెప్పు బ్రదర్, అనుభవించినవాడివి," అన్నాడు. అందరూ తన వైపు తిరిగారు.

మా ఆయన ప్లేటులో పెరుగన్నం కలుపుతూ, "వచ్చేశాం కదండీ. ప్రాసెస్ అన్నాక కాస్త లేటవుతుంది," అని నవ్వాడు.

అమ్మాయి వాళ్ల నాన్న మొహం చూసింది, నా మొహం చూసింది, చెప్పులేసుకుని బయటికెళ్లిపోయింది. కాసేపాగి నేనూ వెళ్లాను. కార్లో వెనక సీట్లో కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఇంజన్ ఆన్ చేయలేదు, లోపల బాగా వేడిగా ఉంది.

"నేను ఆ రోజు చదివాను, అమ్మా. నువ్వు వద్దన్నది," అంది.

"తెలుసు."

"ఎలా?"

"నీ జడ్జి నాకు చెప్పింది. ఆ అమ్మాయి నీకు తెలుసా అని అడిగింది."

"నువ్వేమన్నావ్?"

"తెలీదన్నాను."

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "ఓకే," అంది. ఆ ఓకేలో ఏముందో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యం రాలేదు. ఆ ఇంటావిడ కట్టిచ్చిన పులిహోర డబ్బాలు పట్టుకుని మా ఆయన, వెనకే మావయ్య వచ్చారు. ఇంత ఎండలో అద్దాలన్నీ మూసుకుని ఏం కూర్చున్నారు అన్నాడు మా ఆయన. అమ్మాయి చెయ్యి చాచి డబ్బాలు అందుకుని ఒళ్లో పెట్టుకుంది.